అంబాసిడర్ డిక్కీ డోర్ అమరిక

పాత కారు డిక్కీకి మరో డోర్ బిగించి, బాడీతో సమంగా కూర్చే టింకరింగ్ పని. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అందుకే హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు బండి ఉన్నవారికి డోర్ సాధారణంగా మరో పాత బండి నుంచే దొరకాలి. విజయవాడ రహదారి మీది ఆటోనగర్ ఇలాంటి మరమ్మతులకు దగ్గరి చోటు.

ముందు డిక్కీ నోటిని మూలనుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. ఆ రెండు కొలతలూ కలవకపోతే బాడీ వంకరపోయినట్టే. అది సరిచేయకుండా ఎంత మంచి డోర్ తెచ్చినా వృథా. తర్వాత రబ్బరు బీడింగ్ తీసేసి, కబ్జాల బోల్టులు వదులుగా ఉంచి డోర్‌ను కూర్చోబెడతారు. రెండు పక్కలా సందు సమానమయ్యేదాకా జరుపుతారు. కబ్జా దగ్గర డోర్ దిగిపోతే కింద పలుచని ప్యాకింగ్ పెడతారు. లాక్ సర్దుబాటు చివర్లోనే; లాక్‌తో డోర్‌ను బలవంతంగా లాగి సందు దాచడం చెడ్డ పని.

బీడింగ్ మళ్లీ ఎక్కించాక, కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూస్తారు. ఎక్కడ సులువుగా జారితే అక్కడ వాన నీరు దిగి, స్టెప్నీ గుంట తుప్పు పడుతుంది. పెయింట్ మందం కూడా సందును తగ్గిస్తుంది కనుక అమరిక కుదిరాకే రంగు వేయాలి.