పోయినా పరవాలేని నకలు

2008 సంవత్సరం ముగుస్తోంది. సన్ మైక్రోసిస్టమ్స్ డేటా సెంటర్‌లో ఫ్యాన్ల హోరు. బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు వరసగా డిస్కులు బిగించిన పెట్టె ముందుకు వంగాడు. దాదాపు ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి గొంతు చించుకుని అరిచాడు.

పక్కన కంప్యూటర్ తెర మీద ఆ డిస్కుల పనితీరు చుక్కల గ్రాఫుగా కదులుతోంది. ఒక్కో పనికి డిస్కు ఎంత సమయం తీసుకుంటోందో ఆ చుక్కలు చూపిస్తాయి. అప్పటిదాకా అడుగున బుద్ధిగా పాకుతున్నవి అతను అరిచిన క్షణాన పైకి ఎగబాకాయి. సహోద్యోగి బ్రయన్ కాంట్రిల్ ఇదంతా వీడియో తీశాడు. డిసెంబరు 31న అది యూట్యూబ్‌లోకి ఎక్కింది, లక్షల మంది చూశారు.

చూసిన చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో గ్రెగ్ అంతకు ముందు ఏడాదే పూర్తి చేసిన మరో పనికి సాక్ష్యం కనిపిస్తుంది.

మామూలు సర్వర్ డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున ఒక ముల్లు తేలుతూ, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని దారుల మీద రాస్తుంది, చదువుతుంది. ఎవరో అరిచినా పెట్టె అదురుతుంది, ముల్లు దారి తప్పుతుంది. తప్పితే చేసేదేమీ లేదు, అదే చోటు మళ్లీ చుట్టి వచ్చేదాకా ఆగడమే. ఎవరూ అరవకపోయినా ఇబ్బంది తక్కువేం కాదు. అడిగిన సమాచారం పళ్లెం మీద ఎక్కడో ఉంటుంది, అది ముల్లు కిందికి రావాలి.

మెమరీ నుంచి తెచ్చుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. అదే లెక్కన డిస్కు నుంచి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈ రెండింటి నడుమ దశాబ్దాల పాటు ఏమీ లేదు. మెమరీ ఖరీదు, డిస్కు నిదానం. వేగం కావాలన్నవాడు ఇంకో వంద డిస్కులు కొని బీరువాల నిండా పేర్చాల్సిందే.

ఆ ఖాళీలో కూర్చోగల వస్తువు అప్పటికే లోకంలో ఉంది. తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టి 1984లో ప్రకటించిన ఫ్లాష్ మెమరీ. 2007 నాటికి కెమెరాల్లో, ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో అదే. పై లెక్కలో దానికి పట్టేది పావుగంట. తిరిగే పళ్లెం లేదు, అదిరే ముల్లు లేదు. కానీ సర్వర్ గదిలోకి తేవాలంటే భయం. ఫ్లాష్‌లో రాసిన చోట మళ్లీ రాయాలంటే ముందు చెరపాలి. చెరిపేది కూడా ఒక్క అక్షరం కాదు, పెద్ద ముక్క మొత్తం. చెరిపిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. ఏదో ఒక రోజు అరిగిపోయేదాని మీద ఎవరి ఖాతాలు, ఎవరి ఉత్తరాలు పెడతాం?

సన్ కంపెనీలో కాంట్రిల్, మైక్ షపీరో మొదలుపెట్టిన ఫిష్‌వర్క్స్ అనే చిన్న బృందం ఈ ప్రశ్ననే పట్టుకుంది. చేతిలో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది. దానికి మెమరీలో ఏఆర్‌సీ అనే క్యాష్, అంటే మళ్లీ అడిగేలా ఉన్నవాటిని చేతికందేలా ఉంచే చోటు, ఉంది. దాని మూలసూత్రం ఐబీఎం అల్మాడెన్ పరిశోధన కేంద్రంలో నిమ్రోద్ మెగిడో, ధర్మేంద్ర మోధా 2003లో ప్రచురించినది. ఇప్పుడే అడిగినవి ఒక జాబితా, పదేపదే అడిగేవి ఇంకో జాబితా. మెమరీ నిండితే జాబితాల చివర ఉన్నవాటిని వదిలేస్తుంది.

ఆ వదిలేసేవాటిని ఫ్లాష్ మీద దాచుకుంటే? ఎవరికైనా తట్టే ఆలోచనే. చిక్కల్లా ఎప్పుడు రాయాలన్న దగ్గర వచ్చింది. మెమరీ వదిలే క్షణంలోనే రాయబోతే, ఫ్లాష్ రాసి ముగించేదాకా కొత్త సమాచారం గుమ్మం దగ్గర నిలబడాలి. వేగం కోసం తెచ్చినదే అడ్డమవుతుంది.

మెమరీ వదిలే పనినీ ఫ్లాష్ మీద రాసే పనినీ గ్రెగ్ విడదీశాడు. సెకనుకోసారి మేలుకునే ఒక చిన్న పనివాణ్ణి కోడ్‌లో పెట్టాడు. వాడు జాబితాల చివరికి వెళ్లి, త్వరలో బయటికి పోబోయేవాటిని ముందే ఏరి, ఒక్క మూటగా ఫ్లాష్ మీద రాస్తాడు. అప్పట్లో ఒక విడతకు మామూలుగా 8 మెగాబైట్లే. వాడు చేరేలోపే ఏదైనా జారిపోతే పోనీ. రాతలు మొదటి నుంచి చివరికి, మళ్లీ మొదటికి ఉంగరంలా తిరుగుతాయి కాబట్టి ఒకే చోట అరుగుదల ఉండదు.

పోనీ అనగలగడమే ఈ డిజైన్ ప్రాణం. ఫ్లాష్‌లో ఉన్న ప్రతిదానికీ అసలు ప్రతి డిస్కులో భద్రంగా ఉంది. ఫ్లాష్ ఇచ్చినదాన్ని చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్యతో సరిచూస్తారు, తేడా వస్తే డిస్కునే అడుగుతారు. ఫ్లాష్ మొత్తం చచ్చిపోయినా వేగం పడిపోతుంది తప్ప ఒక్క అక్షరం పోదు. అరిగిపోయే వస్తువుని అరగకుండా చేయాలని ఎంతోమంది తంటాలు పడుతున్న రోజుల్లో, అరిగిపోయినా నష్టం లేని చోటు వెతికి దాన్ని అక్కడ కూర్చోబెట్టాడు. ఇంజనీరింగ్‌లో ఇంతకంటే నిజాయితీ ఉన్న పరిష్కారం అరుదు. ఎల్2ఏఆర్‌సీ పేరుతో ఆ కోడ్ 2007 నవంబరులో సన్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సోలారిస్‌లో చేరింది.

దీనికి మూల్యమూ ఉండేది. సెకనుకు 8 మెగాబైట్ల చొప్పున 100 గిగాబైట్ల ఫ్లాష్ నిండడానికి దాదాపు మూడున్నర గంటలు పట్టేది. పైగా ఫ్లాష్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మెమరీలో ఉంటుంది. యంత్రం ఆగి మళ్లీ లేస్తే ఆ పట్టిక ఉండేది కాదు. ఫ్లాష్ నిండా సమాచారం ఉన్నా, లెక్క ప్రకారం ఖాళీయే.

రాతల సంగతి వేరు. బ్యాంకు లావాదేవీ లాంటిది శాశ్వతంగా రాసుకున్నాకే ‘అయింది’ అని జవాబివ్వాలి. డిస్కు నిదానం కాబట్టి ముందు ఫ్లాష్ మీద రాస్తే, అది డిస్కుకు చేరేలోపు కరెంటు పోయినప్పుడు మిగిలే ప్రతి ఫ్లాష్‌లోదే. ఇక్కడ పోనీ అనడానికి వీల్లేదు. అందుకే అదే బృందంలోని ఆడమ్ లెవెంథాల్ ఈ పనికి వేరే రకం ఫ్లాష్ పెట్టాలన్నాడు. పరిమాణం చిన్నది, లోపల కొంత మెమరీ, కరెంటు పోయినా ఆ మెమరీలోది ఫ్లాష్‌కు చేరేదాకా ఊపిరి నిలిపే కెపాసిటర్లు. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, వెనకాల చవక డిస్కులు. 2008 నవంబరులో వచ్చిన సన్ స్టోరేజ్ 7000 యంత్రాలు ఈ కూర్పుతోనే బయటికొచ్చాయి. డిస్కుల మీద అరిచిన వీడియో ఆ తర్వాత కొద్ది వారాలకు వచ్చింది.

2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. ఫిష్‌వర్క్స్ వాళ్లు చాలామంది తలో దిక్కుకు వెళ్లారు. కోడ్ అప్పటికే బహిరంగంగా ఉంది కాబట్టి ఇతరుల చేతుల్లో బతికింది. యంత్రం లేవగానే క్యాష్ ఖాళీ అయ్యే లోటు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఆ కోడ్‌నే కొనసాగించిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో 2020లో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఆ పట్టికను కూడా ఫ్లాష్ మీద రాసిపెట్టి, లేచాక తిరిగి చదువుకునే ఏర్పాటు చేశారు. ఆ చదవడం వెనకాల సాగుతుంటుంది, యంత్రం దానికోసం ఆగదు. పట్టికలో ఏదైనా చెడిపోయి ఉంటే అక్కడితో చదవడం ఆపేసి, దక్కినంతతో పని మొదలుపెడుతుంది.