పోయాక వచ్చే ప్యాచ్

మన ఫీల్డులో ఒక జాడ్యం ఉంది. బగ్ ఉందని ఎవరో ముందే చెప్తారు. "తర్వాత చూద్దాంలే" అంటాం. ప్రొడక్షన్ పడిపోయాక అర్ధరాత్రి కూర్చుని ప్యాచ్ వేస్తాం. మన పర్యావరణ చట్టాల చరిత్ర చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

భోపాల్ సంగతే చూడండి. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో 1981లో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. ఊరికి ముప్పుందని 1982లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక విలేకరి వరసగా రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. చట్టాలు లేకనా? 1974లోనే నీటి కాలుష్య చట్టం, 1981లో వాయు కాలుష్య చట్టం వచ్చాయి. కాలుష్య నియంత్రణ మండళ్ళూ ఉన్నాయి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది పోయాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చారు.

సరే, ప్యాచ్ పడింది. మరి 2020 మే 7న విశాఖలో స్టైరిన్ లీకై 12 మంది ఎలా పోయారు? సరైన పర్యావరణ అనుమతి లేకుండానే నడుపుతున్నామని ఎల్జీ పాలిమర్స్ 2019లో తనే అఫిడవిట్లో ఒప్పుకుంది. అయినా ఫ్యాక్టరీ ఆగలేదు.

1986 చట్టాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మార్చింది. అది కట్టకపోతేనే జైలు. కోర్టుల్లో కేసులు నానడం కన్నా ఇదే నయమని కొందరంటారు. కావొచ్చు. కానీ పెద్ద కంపెనీకి 15 లక్షలు ఏపాటి?

నన్నడిగితే ఇంకో చట్టం కన్నా ముందు, కేస్వానీ లాంటివాళ్ళు రాసింది చదివి మర్నాడే తనిఖీకి వెళ్ళే మనిషి కావాలి.