చీర ఒకటే

వంటిల్లు సర్దుకుని ఈ వేళకి కాస్త తీరిగ్గా కూర్చుని ఉంటారు. ఇవాళ చీర గురించి చెప్పుకుందాం. అయితే అది మనం కట్టిన చీర కాదు.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడబోతుంటే చంద్రమతి వేషం వేయవలసిన ఆయన రాలేదు. ఆ లోటు తీర్చడానికి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు చీర కట్టాడు. ఆయనే స్థానం నరసింహారావుగారు. ఆ తరువాత సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, ఏ వేషం కట్టినా జనం విరగబడి చూశారు. ఆయన చీరకట్టు చూసి మన అమ్మమ్మలు కట్టు మార్చుకున్నారని పెద్దవాళ్ళు చెబుతారు. మగవాడి దగ్గర మనం కుచ్చిళ్ళు నేర్చుకోవడమేమిటని నవ్వుకోకండి! 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

కూచిపూడిలో ఇది ఇంకా పాత మాట. ఆ ఊరి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. తెర మీదుగా జడ వేసి సవాలు చేసే ఆ భామ వేషంలో వేదాంతం సత్యనారాయణశర్మగారు ఎంత పేరు తెచ్చుకున్నారో మీకు తెలియంది కాదు. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

ఇక ఇటు నైజాం వైపు రండి. స్థానంవారు తొలిసారి చీర కట్టడానికి ఏడాది ముందు, ఫసలీ 1329లో, అంటే 1919లో, హైదరాబాదులో ఒక చట్టం వచ్చింది. 1871లో ఇంగ్లీషువాళ్ళు చేసిన చట్టమే దీనికి నమూనా. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం చాలు, నగరంలోని హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కేవి. అలా పేరెక్కినవారు ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు!

చీర అదే, ఆటా పాటా అవే. మరి తేడా ఎక్కడ వచ్చిందంటారా? నాకు తోచింది చెబుతాను. ఆట అయ్యాక రంగు కడుక్కుని పంచె కట్టుకునేవారికి చప్పట్లు దక్కాయి. ఇంటికెళ్ళాక కూడా చీర విప్పనివారికి సంకెళ్ళు పడ్డాయి. స్థానంవారి సాధనను విద్యగానే చూడాలి, ఆయన మనసుకి మనం ఇప్పుడు కొత్త పేర్లు తగిలించనక్కరలేదు. కాని ఆడదాన్నేనని లోపల తెలిసినవాళ్ళూ, ఆడా మగా రెండూ కాదనుకునేవాళ్ళూ ఆ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్ళకు నాటకాల కంపెనీ దొరకలేదు, అంతే.

నిజాం పోయినా చట్టం పోలేదు. 2014లో సుప్రీంకోర్టు వీరిని మూడో లింగంగా గుర్తించింది. అయినా ఈ చట్టం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. హిజ్రాల తరఫువారు కోర్టుకెక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను వీళ్ళకూ ఇవ్వమంది. నూటనాలుగేళ్ళు!

మా మీర్‌పేట్‌లో గృహప్రవేశమైతే వాళ్ళు తప్పకుండా వస్తారు. డబ్బులిచ్చి దీవెన పుచ్చుకుని గబుక్కున తలుపేసుకుంటాం. నేనూ అంతే. మొన్న పక్కింటికొచ్చిన ఆమె కుచ్చిళ్ళు చూసి ఉండబట్టలేక, "ఇంత చక్కగా ఎలా పెట్టుకుంటావమ్మా?" అని అడిగేశాను.

"మా అమ్మ కట్టుకుంటుంటే చూసి నేర్చుకున్నానక్కా," అంది. "ఇంట్లోంచి వెళ్ళగొట్టేనాటికే వచ్చేసింది."