ఒనేసిము ఎవరు?

కోనసీమలో మన పేటల్లో ఏ చర్చికెళ్ళినా ఫిలేమోను పత్రిక మీద ప్రసంగం దాదాపు ఒకేలా సాగుతుంది. ఒనేసిము అనే దాసుడు యజమాని సొమ్ము దొంగిలించి పారిపోయాడు, చెరసాలలో ఉన్న పౌలు దగ్గర మారుమనస్సు పొందాడు, బుద్ధిగా తిరిగెళ్ళాడు. మనం ఆమెన్ అంటాం.

పత్రిక మొత్తం 25 వచనాలే. ఈసారి తీసి చదవండి. దొంగిలించాడని ఎక్కడా లేదు. పారిపోయాడనీ లేదు. నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో అంటాడు పౌలు, అంతే. ఆ 'ఉంటే'ని దొంగతనం చేసింది తర్వాతి వ్యాఖ్యాతలు. నాలుగో శతాబ్దం చివరికి, జాన్ క్రిసోస్తమ్ నాటికే ఈ కథ ఖాయమైపోయింది. బాకీ ఉన్న పాలేరు ఓ పూట కనబడకపోతే కామందు నోట ముందొచ్చే మాట కూడా దొంగ అనే కదా!

1833లో అమెరికాలోని జార్జియాలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే పాస్టర్ ఇదే పత్రిక పట్టుకుని, పారిపోవడం పాపమని నల్ల బానిసలకు బోధించాడు. ఆయనా బానిసల యజమానే. వింటున్నవాళ్ళలో సగం మంది లేచి వెళ్ళిపోయారు. అసలు అలాంటి పత్రికే బైబిల్లో లేదన్నారు కొందరు. ఈ సంగతి రాసిపెట్టింది జోన్సే.

1990ల్లో నల్లజాతి పండితుడు అలెన్ డ్వైట్ కాలహన్ ఇంకా ముందుకెళ్ళాడు. ఒనేసిము బానిసే కాదు, ఫిలేమోనుకు తోడబుట్టినవాడు, పౌలు అన్నదమ్ముల తగువు తీరుస్తున్నాడు అన్నాడు. ఆ వాదన పుట్టిన బాధ నాకు అర్థమవుతుంది గానీ, వాదన ఒప్పలేను. 16వ వచనంలో గ్రీకు మాట 'దూలోస్', అంటే బానిస. తెలుగు బైబిల్ 'దాసుడు' అనడంతో మన చెవికి రామదాసు, హరిదాసు వినబడి ఆ మాట పదును పోయింది.

ఇక పేరు. ఒనేసిమోస్ అంటే పనికొచ్చేవాడు. రోమన్ లోకంలో బానిసలకు తరచుగా పెట్టిన పేరు.

రెండో శతాబ్దం తొలినాళ్ళలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను మరణశిక్షకు రోముకు తీసుకెళ్తున్నారు. దారిలో ఆయన ఎఫెసు సంఘానికి లేఖ రాశాడు. అందులో ఆ సంఘపు బిషప్ పేరు ఒనేసిము! ఇద్దరూ ఒక్కరేనా? 1935లో జాన్ నాక్స్ అవునన్నాడు. ఇగ్నేషియస్ లేఖలో ఫిలేమోను పత్రిక మాటల జాడలు చూపించాడు, పేరు మీది చమత్కారంతో సహా. పౌలు లేఖలు పోగుచేసింది ఈ ఒనేసిమేనని, ఇంటి వ్యవహారం లాంటి ఇంత చిన్న ఉత్తరం మిగలడానికి కారణం అదేనని ఊహించాడు.

రుజువు కాలేదు. మధ్యలో దాదాపు యాభై ఏళ్ళున్నాయి, పేరు చూస్తే చాలా మామూలుది. సరే, ఇద్దరూ వేర్వేరు మనుషులే అనుకుందాం. అప్పుడు కూడా ఎఫెసు లాంటి మహానగరంలో బిషప్ కుర్చీలో కూర్చున్న మనిషిని బానిసల పేరుతోనే పిలిచారు. ఆ పేరు ఎవరికీ అడ్డు రాలేదు.

మనకి వచ్చింది. కామందుల నోట 'ఎంకడు'గా బతికిన తాతలు బాప్తిస్మంలో యోసేపు, అబ్రహాము అయ్యారు. ఆ పేరు వాళ్ళ గౌరవం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో అదే పేరు ప్రమాదమైంది. క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనల్ని చేర్చలేదు. అందుకే రాజోలు నుంచి అమలాపురం దాకా ఎన్నో ఇళ్ళల్లో చర్చికో పేరు, సర్టిఫికెట్‌కో పేరు. వందేళ్ళ తర్వాత ఏ పరిశోధకుడో చర్చి రిజిస్టర్నీ, తహసీల్దారు ఆఫీసు కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఈ యేసురత్నం, ఆ వెంకటరత్నం ఒక్కరేనా అని తల పట్టుకుంటాడు. నాక్స్‌కి దొరికినన్ని ఆధారాలు కూడా అతనికి దొరకవు.