ముదరక ముందే

అమెరికాలో మనవాళ్ల వంటింట్లో జుకినీకి సొంత పీట లేదు. బీరకాయ దొరకని రోజు బీరకాయ, సొరకాయ దొరకని రోజు సొరకాయ. ఎడిసన్‌లో మా అమ్మాయికీ అదే లెక్క. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేక దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. వెతికిన కొద్దీ ఒకటే కనబడింది. ఈ కాయ కథంతా మనిషి దాన్ని ఏ వయసులో కోశాడన్నదే.

మొదట తిన్నది కాయను కాదు, గింజను. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో గీలా నకీట్స్ అనే గుహను 1966లో పురావస్తు శాస్త్రవేత్త కెంట్ ఫ్లానరీ తవ్వించాడు. అక్కడ దొరికిన ఈ జాతి గింజల, తొడిమల, తొక్క ముక్కల వయసును స్మిత్‌సోనియన్‌కు చెందిన బ్రూస్ స్మిత్ మళ్లీ లెక్కగట్టి 1997లో ప్రకటించాడు. దగ్గరదగ్గర 10,000 ఏళ్లు! మొక్కజొన్న కంటే ముందే మచ్చికైన పాదు ఇది. అడవి కాయల గుజ్జు కటిక చేదు. ఆ చేదును లక్ష్యపెట్టకుండా మింగినవి మాస్టొడాన్ల వంటి ఏనుగు జాతి జంతువులు. వాటి పేడలో ఆ గింజలు నేటికీ నిలిచి ఉన్నాయి. మనిషికి అంత పొట్ట లేదు గనక గింజలు ఏరుకుని, చేదు తక్కువున్న కాయల విత్తనాలే తిరిగి నాటుతూ, తరాల మీద తినదగ్గ కండను సంపాదించాడు. పైగా ఈ పని రెండు చోట్ల విడివిడిగా జరిగింది. ఇప్పటి అమెరికా తూర్పు ప్రాంతపు జనం సుమారు 5,000 ఏళ్ల కిందట తమ అడవి కాయను తామే లొంగదీసుకున్నారు. కొట్లో పక్కపక్కనే పడుకునే ఆకుపచ్చ జుకినీ, మెడ వంగిన పసుపు స్క్వాష్ దాయాదులే గాని ఒక ఇంటివి కావు. జుకినీది మెక్సికో వంశం, మెడ వంకరదానిది ఈ తూర్పు వంశం.

కొలంబస్ తరవాత పాతికేళ్లకే ఈ జాతి కాయలు రోమ్‌లో గోడలెక్కాయి. అగొస్తీనో కీజీ అనే ధనవంతుడు కట్టించుకున్న విల్లా ఫార్నెసీనాలో, రాఫెల్ బృందంలోని జొవాన్నీ దా ఊదినే 1515-18 మధ్య చిత్రించిన పూలపళ్ల తోరణాల్లో కొత్త ఖండపు గుమ్మళ్లు కనిపిస్తాయి. 1542లో జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ తన మొక్కల గ్రంథంలో గుమ్మడి బొమ్మ వేయించాడు. ఇన్నిటిలోనూ జుకినీ లేదు. మిరపకాయలా, టమాటాలా ఓడ దిగి వచ్చింది కాదది. 19వ శతాబ్దం చివర మిలాన్ చుట్టుపక్కల తోటల్లో తయారైంది. ఆ పేరుతో అచ్చులో మొదట కనిపించేది 1901లో, మిలాన్‌లో వెలువడిన ఒక పుస్తకంలో. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897 నాటిది. ఆ లెక్కన జుకినీ గిరీశం కంటే చిన్నది.

మిలాన్ తోటమాలుల పనితనమంతా కోతలో ఉంది. తీగ సాగకుండా పొదలా పెరిగే మొక్కను ఎంచుకున్నారు. పువ్వు వాడిన నాలుగు రోజులకే, ఒక్కోసారి పువ్వుతోనే, కాయను కోసేశారు. గింజ ముదిరితే మొక్క కాపు తగ్గిస్తుంది. లేతగా తెంపుతుంటే కాస్తూనే ఉంటుంది. రోమ్‌వాళ్లు ఇంకా వెనక్కి జరిగి పువ్వునే కోసి, మొజరెల్లా, ఉప్పుచేప కూరి, పిండిలో ముంచి నూనెలో వేశారు. మనమూ గుమ్మడి పువ్వు కోస్తాం, గొబ్బెమ్మ తల మీద పెట్టడానికి! ఆ తీపి గుమ్మడి కూడా అమెరికా సంతతే. కొలంబస్‌కు ముందు మన పెరళ్లలో ఉన్నది బూడిద గుమ్మడి. ఈ మాట చెబితే సంక్రాంతి పూట మా చెల్లెలు మొహం మాడ్చుకుంది.

ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు జుకినీని అమెరికా తెచ్చారు. 1920ల నాటికి కాలిఫోర్నియా తోటల్లో పాతుకుపోయింది. బంగారు రంగుది ఇంకా కొత్త. గోల్డ్ రష్ అనే రకానికి ఆల్-అమెరికా బహుమతి వచ్చింది 1980లో. ఇంగ్లండ్‌లో మాత్రం చాలాకాలం కాయను తొడంత లావు చేసి పోటీల్లో తూకం వేసి మురిశారు. లేత కాయ రుచి వాళ్లకు పట్టించినవాళ్లలో 1950లో మధ్యధరా వంటల పుస్తకం రాసిన ఎలిజబెత్ డేవిడ్ ముఖ్యురాలు. అమెరికా పెరళ్లలో కాపు ఎక్కువై, ఆగస్టు 8 రాత్రి పొరుగువాళ్ల గుమ్మంలో చప్పుడు కాకుండా జుకినీలు వదిలి రావడం ఒక వేడుకే అయింది.

అమెరికా 1965 వలస చట్టంతో దారి తెరిచాక వచ్చిన మన ఆడవాళ్ల చేతికి దొరికింది ఈ కాయే. వాళ్లకు లేత, ముదురు తెలియడానికి మిలాన్ పుస్తకం అక్కర్లేదు. గోరు దిగితే లేత. దీనిలో నూటికి 95 పాళ్లు నీరే. అందుకే పప్పులో కలిపి కుక్కర్లో పెడితే జావ అవుతుంది. కందిపప్పు విడిగా ఉడికించుకుని, తిరగమోతలో ముక్కలు మగ్గించి, దించే ముందు కలపాలి. పచ్చడికైతే తొక్కతోనే, మూత పెట్టకుండా నూనెలో పచ్చిమిరపకాయలతో పాటు నీరు ఇగిరేదాకా వేయించి, చింతపండు, వేయించిన నువ్వులు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. ఉప్పు నూరేటప్పుడే. ముందే వేస్తే ముక్క నీరు వదిలి, వేగడం మాని ఉడుకుతుంది.

కోసేటప్పుడు ముచ్చిక దగ్గర చిన్న ముక్క నాలుక మీద పెట్టుకునే అలవాటు బీరకాయతో వచ్చిందే అయినా, జుకినీకీ అవసరమే. పెరట్లో కాయల నుంచి తీసి దాచిన విత్తనం అలంకారపు చేదు గుమ్మడితో సంకరమైనదైతే పాత చేదు తిరిగొస్తుంది. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఇంటి తోటలో కాసిన చేదు జుకినీ తిని ఒక పెద్దాయన చనిపోయాడు. వండినా ఆ విషం పోదు. చేదు తగిలిన కాయను మొహమాటపడకుండా పారేయాలి.

చేదు లేకుండా ముదిరిన కాయను మాత్రం మా అమ్మాయి చెత్తబుట్టలో వేస్తుంటే చేయి పట్టుకుని ఆపుతాను. చెక్కు తీసి, గింజలూ దూదీ తోడేసి, పెద్ద ముక్కలు తరిగి, చింతపండు పులుసులో కాస్త బెల్లం వేసి దప్పళం పెడితే గుమ్మడికాయకు ఏమీ తీసిపోదు.