కోరంగిని ముంచింది ఉప్పెనేనా?

ఒకప్పటి ఓడరేవు కోరంగి పేరెత్తితే గోదావరి జిల్లాల్లో ముందుగా వచ్చే మాట ఉప్పెన. 1789 డిసెంబరులో మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి ఊరిమీద పడ్డాయి. లంగరేసిన ఓడలు నేలమీదికి కొట్టుకొచ్చాయి. ఇరవై వేల మంది పోయారని రాసుకున్నారు. ఆ ప్రళయాన్ని గ్రంథానికెక్కించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో తుపానుల తీరు పరిశీలించినవాడు; ‘సైక్లోన్’ అనే మాట పుట్టించిందీ ఆయనే. 1839 నవంబరులో మళ్లీ ఉప్పెన. ఈసారి మూడు లక్షల ప్రాణాలు, ఇరవై వేల పడవలు పోయాయంటారు. ఆ పడవల లెక్క మాత్రం నమ్మబుద్ధి కాదు. ఏటి పాయ ఒడ్డున్న రేవులో అన్ని పడవలకు చోటెక్కడిది?

ఉప్పెనే రేవును చంపిందన్నా ఒప్పుకోలేం. మొదటి దెబ్బ తిన్న పదమూడేళ్లకే, 1802లో, ఎబెనీజర్ రోబక్ అనే ఆయన ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను ఒడ్డెక్కించి బాగుచేసే చోటు అప్పట్లో ఇదొక్కటే.

ఆ రోజుల్లో మట్టి డాకుల పద్ధతి తమాషాగా ఉండేది. పెద్ద పోటు నాడు ఓడను మడుగులోకి లాగి, ముఖాన్ని బంకమట్టితో మూసి, నీళ్లు తోడేసేవారు. బయటపడ్డ అడుగు భాగంలో పురుగు తిన్న పలకలు ఊడదీసి, కొత్తవి బిగించి, సందుల్లో నార కూరి, గుగ్గిలం పట్టించేవారు. పని ముగిశాక గట్టు తెంపితే పోటు నీరే ఓడను లేపేది. పక్కనున్న తాళ్లరేవు వడ్రంగులకు ఈ విద్య తరతరాలది. కలప ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీదే దిగేది. ఇక్కడి తెరచాప ఓడలు నైరుతి గాలికి బర్మా వైపు, ఈశాన్య గాలికి ఇంటి వైపు సాగేవి. లంక పొగాకు అటు, టేకు ఇటు. కూలికి వెళ్లిన తెలుగువాళ్లందరినీ రంగూన్‌లో ‘కోరంగీలు’ అనేవారు, ఏ ఊరివాళ్లయినా సరే.

రేవును అసలు కూల్చింది గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. పాయ మూతి ఏటేటా పూడి, లోతైన ఓడలు లోపలికి రాలేకపోయాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సరుకు కాలవల మీద నేరుగా కాకినాడ చేరింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ధర పెరగడంతో కాకినాడ దశ తిరిగింది. ఆవిరి ఓడలొచ్చాక తెరచాపకు దూరప్రయాణాలు తగ్గిపోయాయి.

కాకినాడకు మాత్రం ఆ మేటలే కలిసొచ్చాయి. గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ అక్కడి సముద్రానికి అడ్డుగోడైంది. ఆ చాటునే ఓడలు లంగరేస్తే, ఒడ్డు నుంచి బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లేవి.