సరూర్‌నగర్ చెరువు అలుగు సంగతి

హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు మీద రాసినవాళ్లు రెండు ముక్కలు తప్పక చెబుతారు. 1626లో కట్టారన్నది ఒకటి. అరస్తూ జా ఇంటి సురూర్ అఫ్జా బాయి పేరే ఊరికి వచ్చిందన్నది రెండోది. ఈ రెండూ పక్కపక్కన చదివితే ఆమె కోసమే చెరువు తవ్వించారనిపిస్తుంది. అదెలా కుదురుతుంది? అరస్తూ జా నిజాం దగ్గర దీవాను, 1804లో పోయాడు. 1626 కుతుబ్‌షాహీల కాలం. చెరువు ముందుది, పేరు ఎంతో తర్వాతది. నవాబుల ఇళ్ల కథ దొరికితే చాలు, రైతు చెరువును అందులో కలిపేయడం మన చరిత్రకారులకు అలవాటైపోయింది.

నా అసలు బాధ వేరే. ఎప్పుడు కట్టారో రాశారు గానీ, నిండిన నీళ్లు ఎటు పోయేవో ఒక్కరూ రాయలేదు. చెరువంటే కట్టే కాదు, తూము, అలుగు కూడా. తూము పొలాలకు నీళ్లిస్తుంది. అలుగు మిగులు నీటిని మూసీ వైపు పంపి కట్టను కాపాడుతుంది. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ పొలాలు దిల్‌సుఖ్‌నగర్ అయ్యాక తూముతో పని తీరిపోయింది. అలుగుతో తీరలేదు. పైన మీర్‌పేట చెరువుల నీళ్లు వానాకాలంలో ఇటే దిగుతాయి.

అలుగు దారి మూసుకుపోతే ఏమవుతుందో తెలియాలంటే సముద్రంలో వేటాడే చిన్న ఫైబరు పడవలను చూడండి. కొన్నిటి డెక్కు నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది, అంచుల్లో రంధ్రాలుంటాయి. అల డెక్కు మీద పడితే నీళ్లు వాటిలోంచి వాటంతటవే పోతాయి. వల గానీ చెత్త గానీ ఆ రంధ్రాలకు అడ్డం పడితే నీళ్లు నిలిచి ఒక పక్కకు చేరతాయి, పడవ ఒరిగిపోతుంది. రంధ్రం పెద్దది చేసినా ఎదుట వల కుప్ప ఉంటే లాభం లేదు. మన చెరువుకు జరిగిందీ ఇదే.

2020 అక్టోబరు 13 ఉదయం నుంచి మర్నాటి ఉదయం దాకా బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురిస్తే మన హయత్‌నగర్ వైపు దాదాపు 30 పడింది. కోదండరాంనగర్, సీసల బస్తీ మునిగాయి. చెరువు పొంగి కాలనీలను ముంచిందని అంతా అన్నారు. నేను ఒప్పుకోను. నీళ్లు తమ పాత దారినే వెతుక్కున్నాయి. ఆ దారిలో ప్లాట్లు కోసి అమ్మినవాళ్లది తప్పు. అప్పు చేసి కొన్నవాళ్లను ఏమీ అనలేం, కొన్ననాడు వాళ్లకు అలుగు ఎక్కడుందో చెప్పినవారే లేరు.

2003-04లో చెరువును శుభ్రం చేశారు, చుట్టూ పార్కు వచ్చింది, సంతోషమే. 2021 నుంచి నాలాల పనులూ మొదలయ్యాయి. చెరువు గట్టున చరిత్ర ఫలకం పెడితే 1626తో పాటు అలుగు నుంచి మూసీ దాకా నీళ్ల దారి పటం కూడా చెక్కించాలి, ఏ కాలనీ ఆ దారి మీద ఉందో పేరుతో సహా.